కవచం కింది గుర్రం

జార్జియాలోని కమ్మింగ్‌లో ఉండే మా స్నేహితుల అమ్మాయి సాన్వికి ఈ ఏడు పశువైద్యంలో సీటు వచ్చింది. కబురు చెప్పడానికి ఫోన్ చేసి, తన అమెరికా తెలుగులో ఒక ప్రశ్న అడిగింది.

"ఆంటీ, మీరు నిజంగా నైట్స్‌కి డాక్టర్‌గా చేశారా? మమ్మీ జోక్ చేస్తుంది అనుకున్నా."

"నైట్స్‌కి కాదమ్మా. వాళ్లెక్కే గుర్రాలకి."

"ఓ మై గాడ్. అంతా చెప్పండి ఆంటీ. గుడ్ పార్ట్స్ కాదు, రియల్ పార్ట్స్."

ఫోన్‌లో చెప్పగలిగినంత చెప్పాను. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను. సాన్వి లాగే ఈ పనిలోకి వచ్చే పిల్లలు ఇంకా ఉంటారని నా ఆశ. లైసెన్సు పరీక్షల గురించి ఇందులో ఏమీ ఉండదు. వాటి సంగతి మీకు ఇంటర్నెట్‌లో నాకంటే బాగా తెలుస్తుంది.

ముందుగా నైట్ అంటే రాత్రి కాదు. ఈ మాట నేను మా అత్తగారికి చాలాసార్లు చెప్పాల్సి వచ్చింది. నేను నైట్స్ దగ్గర పని చేస్తున్నానని మా ఆయన మురళి ఆవిడకు చెబితే, "నైట్ డ్యూటీ అయితే పిల్లలకు అన్నం ఎవరు పెడతారే?" అని ఆవిడ కంగారు పడ్డారు. మధ్యయుగాల యూరప్‌లో ఇనుప కవచం తొడుక్కుని గుర్రం మీద యుద్ధం చేసిన వీరుణ్ణి నైట్ అంటారు. వాళ్లు ఎప్పుడో పోయారు. కానీ వాళ్ల పోటీ ఒకటి టెక్సస్‌లో బతికే ఉంది. దాన్ని జౌస్ట్ అంటారు. పొడవాటి చెక్క కంచెకు అటొకరు ఇటొకరు రౌతులు ఎదురెదురుగా గుర్రాలను దౌడు తీయిస్తూ వచ్చి, ఎదుటివాడి డాలు మీద బల్లెం విరగ్గొట్టాలి. విరిగితే పాయింట్లు. ఎదుటివాడు జీను మీంచి పడితే గెలుపు. ఇది నాటకం కాదు. దెబ్బలు నిజం, పడటం నిజం.

వాల్ట్ దొర

డాలస్‌కి ఉత్తరాన, కాలనీలు అయిపోయి పశువుల బీళ్లు మొదలయ్యే చోట, వాల్ట్ అనే రాంచర్, అంటే పశువుల ఆసామి, ఈ పోటీల కోసం ఒక కోట కట్టాడు. కోట అంటే ముందు గోడ మాత్రమే. దాని వెనక ఇసుక మైదానం, చుట్టూ బెంచీలు, ఆ పక్కన పెద్ద లాయం.

నేనప్పుడు డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో కుక్కలకూ పిల్లులకూ వైద్యం చేసే చిన్న క్లినిక్‌లో ఉన్నాను. మురళి వెంట డిపెండెంట్ వీసా మీద వచ్చి, కొన్నేళ్లు ఇంట్లో కూర్చుని, ఎలాగో లైసెన్సు తెచ్చుకుని మొదలుపెట్టిన ఉద్యోగం. వాల్ట్‌కి అలవాటైన డాక్టరు రిటైరైపోతే మా క్లినిక్‌కి ఫోన్ చేశాడు. గుర్రాలంటే అక్కడి మిగతా ఇద్దరు డాక్టర్లకీ భయం. నన్ను పంపారు.

"గుర్రాలు తెలుసా?" అన్నాడు వాల్ట్, నన్ను కిందినుంచి పైకి చూసి.

"గేదెలు బాగా తెలుసు. గుంటూరు జిల్లాలో నా చేతులమీదుగా పుట్టిన దూడలతో మీ లాయం నిండిపోతుంది."

"గేదె తన్ను గట్టిదా, గుర్రం తన్ను గట్టిదా?"

"మీ గుర్రం ఇంకా తన్నలేదు కదా. తన్నాక చెబుతాను."

ఆయన నవ్వాడు. నా ఇంటర్వ్యూ అంతే.

మొదటి కేసు ఓటిస్ అనే నల్ల గుర్రం. మామూలుగా ఎక్కితే బంగారం. పోటీ రోజున మొహానికి ఇనుప తొడుగు కట్టగానే గేటు దగ్గర మొండికేస్తుంది. దానికి పొగరని కొందరు, పిరికిదని కొందరు, అమ్మేయాలని కొందరు అంటున్నారు. కాళ్లు చూశాను, పళ్లు చూశాను, కళ్లు చూశాను. ఏమీ దొరకలేదు. చివరికి ఆ ఇనుప తొడుగు తీసి నా తలకు పెట్టుకుని, పక్కనున్నవాళ్లను వేళ్లతో పైన తట్టమన్నాను. గుడిగంట లోపల తల దూర్చినట్టయింది. పైగా ఒక చీల లోపలికి పొడుచుకొచ్చి సరిగ్గా చెవి మొదట్లో గుచ్చుకుంటోంది. చీల అరగదీయించి, లోపల ఉన్ని గుడ్డ కుట్టించాం. ఆ శనివారమే ఓటిస్ తల ఎత్తుకుని గేటు దాటింది. అమ్మేయాలన్నవాళ్లే ముందు చప్పట్లు కొట్టారు.

ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. పొగరు, మొండితనం, బద్ధకం అనేవి రోగాల పేర్లు కావు. జంతువు మీద మనం వేసిన బరువు ఏమిటో ముందు చూడండి. వీలైతే ఆ బరువును మీరు మోసి చూడండి.

వాల్ట్ మంచి బాసు. కోపిష్టి, కంజూసు, కానీ డాక్టరు మాట దాటేవాడు కాదు. "నా లాయంలో రెండు నోళ్లకే విలువ. ఒకటి గుర్రానిది, రెండోది దాని తరఫున మాట్లాడే డాక్టరుది" అనేవాడు.

కథల్లో నైట్లు, నిజం నైట్లు

చరిత్ర నాకు మార్కస్ నేర్పాడు. అతను వారమంతా హైస్కూల్లో చరిత్ర పాఠాలు చెప్పి, శనివారం ఇనుప చొక్కా తొడుక్కునేవాడు. మా అందరిలోకీ గొప్ప రౌతు.

గుర్రానికి కట్లు కడుతూ నేనడిగే ప్రశ్నలకు అతను ఓపిగ్గా జవాబు చెప్పేవాడు. నైట్ కావాలంటే పిల్లవాడిగానే ఓ ప్రభువు ఇంట చేరాలట. ఆయన కవచం తోమాలి, గుర్రాన్ని మాలిష్ చేయాలి, భోజనం వడ్డించాలి. అలా ఏళ్ల తరబడి చేశాక, ఒక రోజు నడుముకు కత్తి కట్టి, మెడ మీద ఒక్కటి వేసి, నువ్వు నైట్‌వి, ఇక లే అనేవాళ్లట. వాళ్ల ధర్మానికి షివల్రీ అని పేరు. ఆ మాట పుట్టిందే ఫ్రెంచి వాళ్ల గుర్రం అనే మాటలోంచి. అది విన్న రోజు నాకు చెప్పలేనంత సంబరమైంది.

"అంటే మీ ధర్మం మొత్తం నా పేషెంటు వీపు మీద నిలబడిందన్నమాట" అన్నాను.

"కరెక్ట్ డాక్. గుర్రం లేకపోతే నైట్ ఎవరు? ఇనుప డబ్బాలో ఉన్న మనిషి."

వాళ్లందరూ ధర్మాత్ములని మార్కస్ ఎప్పుడూ అనలేదు. బలహీనుల్ని కాపాడతామని ఒట్టు పెట్టుకున్న చేతులతోనే రైతుల ఊళ్లు తగలబెట్టారన్నాడు. తమలాంటి నైట్ యుద్ధంలో దొరికితే మర్యాదగా బందీ చేసి, డబ్బు తీసుకుని వదిలేవాళ్లు. కాలినడకన వచ్చిన సిపాయి దొరికితే ఆ మర్యాద లేదు. పొలం దున్ని ఆ గుర్రాలకు గింజలు పెట్టినవాడి పేరు ఏ పాటలోనూ ఉండదు.

"మరి ఇందులో ఏం చూసి ఇష్టపడ్డారు?" అన్నాను.

"రూల్స్ చూసి. జౌస్ట్‌లో ఎదుటివాడి గుర్రాన్ని బల్లెంతో కొడితే బహుమతి పోయినట్టే. బలమున్నవాడు తన చేతిని తానే కట్టేసుకోవడం అది. ఎప్పుడూ పాటించారని కాదు. రాసుకున్నారు కదా, అది చాలు. ఇప్పుడు మనం పాటిద్దాం."

నాకు ఆ జవాబు నచ్చింది. ఈ రోజుకీ నచ్చుతుంది.

టెస్సా, బార్లీ

వాల్ట్ మోకాళ్లు అరిగిపోయి ఇంట్లో కూర్చున్నాక కోట అతని కొడుకు బ్రెంట్ చేతికి వచ్చింది. బ్రెంట్ చెడ్డవాడు కాదు. పార్కింగు బాగు చేశాడు, బెంచీల మీద నీడ వేయించాడు, జనాన్ని రెట్టింపు చేశాడు. కానీ అతనికి గుర్రం పోస్టర్ మీద కనబడేంత బాగా లాయంలో కనబడేది కాదు.

ఆ రోజుల్లో మా దగ్గర టెస్సా అనే అమ్మాయి ఉండేది. ముప్ఫై ఏళ్లుంటాయి. వారమంతా పికప్ ట్రక్కులో తిరుగుతూ గుర్రాలకు నాడాలు కొట్టేది. ఉక్కు లాంటి భుజాలు. పోటీకి దిగుతానంటే, ఆడవాళ్లు గౌను వేసుకుని రుమాలు ఊపాలి గానీ బల్లెం పట్టడమేమిటని మొదట్లో కొందరు నవ్వారు. ఆమె వాదించలేదు. ఎండలో, వానలో సాధన చేసింది. తన సొంత గుర్రాన్ని తనే తయారు చేసుకుంది. దాని పేరు బార్లీ. బూడిద రంగు ఆడగుర్రం, బండి లాగే జాతి రక్తం ఉంది, ఏనుగంత ఛాతీ, పసిపిల్ల మనసు. టెస్సా నవ్వితే అది పెదవి ఎత్తేది.

సాధన మొదలుపెట్టిన నాలుగో ఏడు, శరత్కాలపు పెద్ద పోటీలో టెస్సా ఒక్కొక్కరినీ ఓడిస్తూ ఫైనల్‌కి వచ్చింది. ఎదురుగా మార్కస్. ఆదివారం మధ్యాహ్నం పోటీ. టికెట్లు అన్నీ అయిపోయాయి. హైవే పక్కన బోర్డు మీద బార్లీ బొమ్మే.

ఆ ఉదయం నేను అలవాటుగా గుర్రాలన్నిటినీ గట్టి నేల మీద నడిపించి, చిన్నగా పరుగెత్తించి చూస్తున్నాను. బార్లీ వచ్చింది, కొలత చూడటానికి కట్టిన మెడ కవచంతోనే. ఎడమ ముందుకాలు ఆనినప్పుడల్లా తల కాస్త పైకి లేస్తోంది. కాస్తే. ఇంకోసారి పరుగెత్తించాను. కళ్లు మూసుకుని గిట్టల చప్పుడు విన్నాను. నాలుగు దెబ్బల్లో ఒకటి మెత్తగా పడుతోంది. వంగి కాలు పట్టుకున్నాను. గిట్ట పైన వేడి.

"ఈ రోజు ఇది దిగదు" అన్నాను.

బ్రెంట్ ఫోన్ పక్కన పెట్టి వచ్చాడు. "నాకైతే కుంటు కనబడలేదు డాక్."

"నాకు కనబడింది."

"సరే, ఒక ఇంజక్షన్ ఇవ్వండి. నాలుగైదు పరుగులే కదా. రేపటినుంచి నెల రోజులు రెస్ట్ ఇద్దాం."

"నొప్పి తెలియకపోతే కాలు కాపాడుకోవాలని దానికెలా తెలుస్తుంది? లోపల ఎముకకి ఏమైనా అయి ఉంటే?"

"అయి ఉంటే! అయిందో లేదో మీకు తెలీదుగా?"

"తెలీదు. అందుకే వద్దంటున్నాను."

"దీనికి నాటకాలు ఎక్కువ. మొన్న కూడా స్నానం అనగానే కుంటింది."

మన వైపు ఒక సామెత ఉంది, రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని. ఆ సామెత చెప్పినవాడు గుర్రాల డాక్టరై ఉండడు. నేను చూసినంతలో మంచి గుర్రం చేసే మోసం దీనికి తలకిందులుగా ఉంటుంది. తనను నమ్ముకున్న రౌతు కోసం మూడు కాళ్ల గుర్రం నాలుగు కాళ్ల మీద నడుస్తుంది.

బ్రెంట్ గొంతు మారింది. "నేను ఇంకో డాక్టర్ని పిలుస్తాను. మీ కాంట్రాక్టు గురించి కూడా రేపు మాట్లాడదాం."

ఆ వేసవిలోనే మురళి కంపెనీలో లేఆఫ్‌లు అయ్యాయి. ఇల్లు నా జీతం మీద నడుస్తోంది. ఆ మాట వినగానే నెలాఖరు ఖర్చులు గుర్తొచ్చిన మాట నిజం. కానీ చేతిలో కళ్లెం తాడు ఉంది, తాడు చివర బార్లీ నా చెవి దగ్గర ఊపిరి వదులుతోంది.

"పిలవండి" అన్నాను. "ఆయన వచ్చేదాకా ఈ తాడు నా చేతిలోనే ఉంటుంది."

అప్పుడొచ్చింది టెస్సా, ఒక భుజానికి కవచం కట్టుకుని, రెండోది కట్టుకోకుండా. ఎవరో చెప్పేశారు.

"ఎంత బ్యాడ్, డాక్?"

"ఇంకా తెలీదు. కానీ పరుగెత్తకూడదు."

"నాలుగేళ్లు!" అని అరిచింది. "ఈ ఒక్క ఆదివారం కోసం నాలుగేళ్లు! మీకు తెలీదా?"

"తెలుసు. నువ్వే చూడు, రా."

ఆమె మోకాళ్ల మీద కూర్చుని రెండు ముందుకాళ్లూ రెండు చేతుల్తో పట్టుకుంది. గుర్రాల కాళ్లతోనే బతికిన మనిషి. చాలాసేపు లేవలేదు. లేచాక నా వైపు గానీ బ్రెంట్ వైపు గానీ చూడలేదు. బార్లీ మెడ మీది కవచం పట్టీలు ఒక్కొక్కటీ తనే విప్పింది. ఇనుప రేకులు నేల మీద పడిన చప్పుడుకు లాయంలో అందరూ వచ్చి నిలబడ్డారు.

"మా పేరు తీసేయ్, బ్రెంట్" అంది.

మార్కస్ ఏం చేశాడంటే

మార్కస్ గుంపును తప్పించుకుని ముందుకొచ్చాడు. "ఐతే నేనిప్పుడు నడుచుకుంటూ వెళ్లి కప్పు తెచ్చుకోవాలా?"

"రూల్ ప్రకారం అంతే" అన్నాడు బ్రెంట్.

"ఆ రూల్ నాకొద్దు. టెస్సా, నాకు రెండు గుర్రాలున్నాయి. నీకు ఏది కావాలో తీసుకో. మిగిలింది నేనెక్కుతా."

టెస్సా నమ్మనట్టు చూసింది. "మంచిది నేను తీసుకుంటే?"

"తీసుకోవాలనే చెప్తున్నా. గుర్రం లేని మనిషి మీద గెలిస్తే ఆ కప్పు ఇంట్లో ఎక్కడ పెట్టుకోను?"

ఆ రెండు గుర్రాల కాళ్లూ నేను చూసి సరేనన్నాను. టెస్సా పరాయి గుర్రం మీద, ఉదయం నుంచి అన్నం ముట్టకుండా, మైదానంలోకి దిగింది. బార్లీ ఎందుకు రాలేదో మార్కస్ మైకులో జనానికి చెప్పాడు. డబ్బులు వెనక్కి ఇమ్మని ఒక్కరూ అడగలేదు. టెస్సా ఒక్క బల్లెం తేడాతో ఓడింది. ఓడినామె వెళ్తుంటే జనం లేచి నిలబడటం నేను చూడటం అదే మొదటిసారి.

సాయంత్రం బార్లీని ట్రైలర్లో గుర్రాల ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఎక్స్‌రేలో, గిట్ట పైనుండే పెద్ద ఎముకలో, కీలు దగ్గర మొదలై కిందికి జారిన సన్నటి నెర్రె కనబడింది. సర్జన్ దాన్ని చూసి, "దీనికి ఎవరూ మత్తు ఇంజక్షన్ ఇవ్వలేదు కదా?" అని అడిగింది.

"లేదు."

"బతికిపోయింది. ఒక్క దౌడు తీసినా ఇది పింగాణీ కప్పులా ముక్కలయ్యేది."

టెస్సా నా చేయి పట్టుకుంది. మేమిద్దరం ఏడ్చాం. తర్వాత ఇద్దరికీ ఒకేసారి ఆకలేసి, ఆసుపత్రి మెషీన్లో ఉన్న చిప్స్ అన్నీ తినేశాం.

మర్నాడు బ్రెంట్ మా ఇంటికి వచ్చాడు. కాంట్రాక్టు గురించేమో అనుకుని నేను గుమ్మంలోనే నిలబడ్డాను. అతని మొహం పాలిపోయి ఉంది.

"ఎక్స్‌రే చూశాను" అన్నాడు. "రాత్రి నిద్ర పట్టలేదు డాక్. అది పడితే... దాని మీద టెస్సా ఉండేది కదా. అంత ఇనుముతో."

"ఉండేది."

"నాకు ఆ మాట తోచనే లేదు."

మురళి లోపల్నించి కాఫీ తెచ్చిచ్చాడు. బ్రెంట్ అది తాగి వెళ్లాడు. ఆ వారమే లాయం గోడ మీద కొత్త రూలు పడింది. డాక్టరు చూసి సరేనన్న గుర్రమే గేటు దాటాలి, ఆ మాట మీద వాదన లేదు. బ్రెంట్ దాన్ని తన చేత్తో పలక మీద రాసి, తనే మేకులు కొట్టాడు. బాసుల గురించి నా తీర్పు అడిగితే ఇదే చెబుతాను. వాల్ట్ మొదటినుంచీ మంచి బాసు. బ్రెంట్ కళ్లెదుట మంచి బాసయ్యాడు. రెండోది కష్టం. చేయగలిగినవాణ్ణి గౌరవించండి.

మరుసటి శరత్కాలం

బార్లీ ఎముకకు స్క్రూలు బిగించారు. మత్తులోంచి లేచేటప్పుడు గుర్రాలు కంగారుపడి కాళ్లు విరగ్గొట్టుకోవడం ఉంటుంది. ఇది మాత్రం పడుకునే చుట్టూ చూసి, తీరుబడిగా లేచి నిలబడి, గడ్డి ఎక్కడ అన్నట్టు సకిలించింది. తర్వాత నెలల తరబడి గదిలో విశ్రాంతి, ఆపైన తాడు పట్టుకుని నడక, ఆపైన ఇసుకలో మెల్లగా పరుగు. టెస్సా రోజూ పని నుంచి నేరుగా వచ్చేది. ఈ వృత్తిలో సగం వైద్యం ఇదే, తొందరపడకుండా నడిపించడం. ఎవరూ ఫొటో తీయని వైద్యం.

మళ్లీ శరత్కాలం వచ్చింది. మళ్లీ ఫైనల్. మళ్లీ మార్కస్, టెస్సా. ఆ ఉదయం గట్టి నేల మీద బార్లీని పరుగెత్తించినప్పుడు లాయం అంతా ఊపిరి బిగబట్టింది. బ్రెంట్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. నేను రెండుసార్లు చూశాను, కళ్లు మూసుకుని మూడోసారి విన్నాను.

"వెళ్లనీయండి" అన్నాను.

ఆ కేరింతలకు పక్క పొలంలో ఆవులు పారిపోయాయి.

మొదటి పరుగులో ఇద్దరి బల్లేలూ విరిగాయి. రెండో పరుగులో మార్కస్‌ది విరిగింది, టెస్సాది జారింది. మూడో పరుగుకి బార్లీ చెవులు ముందుకు పెట్టింది. అంత బరువు, అంత వేగం, భూమి నా చెప్పుల కింద అదురుతోంది. టెస్సా బల్లెం మార్కస్ డాలు నడిమధ్యన తగిలి పేలిపోయింది. మార్కస్ జీను మీద వెనక్కి వంగాడు, ఇంకా వంగాడు, ఇసుకలో పడ్డాడు.

పోటీ జరుగుతుంటే నేనెప్పుడూ నోరు తెరిచేదాన్ని కాదు. నా కళ్లు గుర్రాల కాళ్ల మీదే ఉండాలి కదా. ఆ రోజు ఏమైందో తెలియదు.

"అదీ దెబ్బంటే!" అని అచ్చ తెలుగులో గొంతు చించుకుని అరిచాను.

చేతికర్రతో నా పక్కన కూర్చున్న ముసలి వాల్ట్ ఉలిక్కిపడ్డాడు. "ఏమన్నావ్?"

అర్థం చెప్పాను. ఆయనకు ఎంత నచ్చిందంటే, అనౌన్సర్ చేతిలో మైకు లాక్కుని, "ఆడీ డెబ్బాంటే!" అని టెక్సస్ యాసలో గర్జించాడు. జనానికి అర్థంతో పని లేదు. బెంచీలన్నీ అందుకున్నాయి.

మార్కస్ లేచాడు. ఒళ్లంతా ఇసుక, పళ్లన్నీ బయటపెట్టి నవ్వు. ఇనుప చేతి తొడుగులతో చప్పట్లు కొడుతున్నాడు. వాల్ట్‌ని ఇద్దరు పట్టుకుని మైదానం మధ్యకు తీసుకెళ్లారు. టెస్సా మోకాలి మీద వంగింది. ఆయన కత్తి ఎత్తి ఆమె రెండు భుజాల మీదా తాకించి, "లే, డేమ్ టెస్సా" అన్నాడు. ఆడ నైట్‌ని అలా పిలుస్తారట.

టెస్సా లేచింది. శిరస్త్రాణం తీసి, చెమటకు అతుక్కుపోయిన జుట్టు వెనక్కి తోసుకుని, మైకు అడిగింది.

"డాక్! లోపలికి రండి!"

డాక్టరు మైదానంలోకి నడిచి వస్తోందంటే ఎవరికో కాలు విరిగిందని అర్థం. అందుకే అన్నేళ్లలో నేను ఆ ఇసుక మీదికి వెళ్లిన ప్రతిసారీ బెంచీల మీద మాట ఆగిపోయేది. ఈసారి మందుల పెట్టె గేటు దగ్గరే వదిలేసి వెళ్లాను. నడుస్తుంటే జనం లేచారు, ఒక వరస తర్వాత ఒక వరస. బ్రెంట్ టోపీ గాల్లోకి విసిరాడు. నేను బార్లీ మెడ చుట్టూ చేతులు వేశాను. నా చొక్కా నిండా దాని చెమట, నా తల మీద దాని గడ్డం. అది ఎవరినీ పట్టించుకోకుండా నా జేబులో మూతి పెట్టి క్యారెట్ కోసం వెతుక్కుంటోంది. చుట్టూ వేలమంది గొంతులు, తమకు రాని భాషలో, అదీ దెబ్బంటే అని అరుస్తున్నాయి.